తోలు సాక్ష్యం: బైబిల్ కాలంలో జంతు చర్మాలు

గిబియోనీయులు యెహోషువను మోసం చేసిన తీరు చూస్తే వాళ్లు తోలు సంగతి బాగా తెలిసినవాళ్లని అర్థమవుతుంది. ఇశ్రాయేలు సేన యెరికోను, హాయిని పడగొట్టి కొండసీమ మీదికి వస్తోంది. చుట్టుపక్కల ఊళ్లవాళ్లతో సంధి లేదు. దూరదేశస్థులైతే మాట్లాడుకోవచ్చు. గిబియోను మాత్రం దగ్గర్లోనే ఉంది. అందుకని వాళ్లు చినిగి కుట్లు పడ్డ ద్రాక్షారసపు తిత్తులు గాడిదల మీద వేసుకున్నారు. మాసికలు పడ్డ చెప్పులు తొడుక్కున్నారు. ఎండి బూజు పట్టిన రొట్టెలు మూటగట్టుకున్నారు. బయల్దేరిన రోజున ఈ తిత్తులు కొత్తవి, ఇప్పుడెలా అయ్యాయో చూడండి అని యెహోషువకు చూపించారు. ఇశ్రాయేలు పెద్దలు చూశారు, నమ్మారు, ప్రమాణం చేశారు. మూడు రోజుల తర్వాత అసలు సంగతి బయటపడింది. అయినా చేసిన ప్రమాణం తప్పలేకపోయారు.

ఈ కథలో తోలు సాక్షి. దొంగ సాక్షే, కానీ దాని మాట చెల్లింది. ఎంత దూరం వచ్చింది, ఎన్నాళ్లు వాడారు, ఏ జంతువుది, ఆ జంతువు ఎక్కడ ఎవరి చేతిలో తెగింది అన్న లెక్కంతా తోలులోనే ఉంటుందని బైబిల్ కాలపు మనుషులు నమ్మేవాళ్లు. మన దగ్గర ప్రసంగాల్లో, వ్యాఖ్యానాల్లో చర్మాల మాట రెండు చోట్లే వినిపిస్తుంది: ఏదెను తోటలో ఆదాము హవ్వల చొక్కాయిలు, యేసు చెప్పిన పాత తిత్తుల ఉపమానం. రెండూ ముఖ్యమైనవే. అయితే వాటి అర్థం తేలాలంటే వంటింటి నుంచి, గుడారం నుంచి, దేవాలయపు కొట్టు గది నుంచి, ఊరి చివర తోలు ఊనే చోటు నుంచి రావాలి. ఆధారాలు మూడు రకాలు. బైబిల్ గ్రంథాలు మొదటివి. క్రీ.శ. 200 ప్రాంతంలో కూర్చిన యూదు ధర్మ సంకలనం మిష్నా, దాని తర్వాతి తల్మూద్ రెండోవి. యూదయ ఎడారి గుహల్లో పొడిగాలి కాపాడిన వస్తువులు మూడోవి. ఇవన్నీ కలిపితే వెయ్యేళ్లకు పైబడిన కాలం. మిష్నాలోని మాటను అబ్రాహాము నెత్తిన రుద్దకూడదు. చాలా వ్యాఖ్యానాలు చేసే పొరపాటు అదే.

ముందుగా తిత్తి. 1838లో పలస్తీనాలో తిరిగిన అమెరికన్ పండితుడు ఎడ్వర్డ్ రాబిన్సన్, హెబ్రోనులో నీళ్ల తిత్తులు తయారుచేసే చోటు చూసి రాసిపెట్టాడు. మేకను కోశాక పొట్ట చీల్చరు. మెడ దగ్గర నుంచి తోలును చొక్కా విప్పినట్టు ఒక్క ముక్కగా లాగేస్తారు. కాళ్ల దగ్గర, తోక దగ్గర మిగిలిన కంతలు కుట్టేస్తారు. మెడే మూతి అవుతుంది. లోపల సిందూర చెక్క పేళ్లు కూరి తోలును సాగదీస్తారు. తర్వాత అదే చెట్టు బెరడు కషాయం నింపి, వెంట్రుక గట్టిపడి తోలు పదునెక్కేదాకా ఉంచుతారు. వెంట్రుక బయటివైపు అలాగే ఉంటుంది. నింపినప్పుడు కాళ్ల మొండి భాగాలు నాలుగు వైపులా పొడుచుకొచ్చి, తల లేని మేక పడుకున్నట్టే కనిపిస్తుంది. పంతొమ్మిదో శతాబ్దపు హెబ్రోను, మొదటి శతాబ్దపు గలిలయ ఒకటి కావు. అయినా మేకతోలు, బెరడు కషాయం, నీళ్లు ఏ కాలంలోనైనా ఒకేలా నడుచుకుంటాయి కాబట్టి ఈ సాక్ష్యం పనికొస్తుంది.

ఇప్పుడు వాక్యభాగాల్లోకి వెళ్తే మామూలు మాటలకు కూడా బరువు తెలుస్తుంది. హాగరు భుజం మీద అబ్రాహాము పెట్టింది రొట్టె, నీళ్ల తిత్తి. బెయేర్షెబా అరణ్యంలో తిత్తి ఖాళీ అయిందంటే పిల్లవాడి ప్రాణం లెక్క అయిపోయినట్టే. అందుకే ఆమె ఇష్మాయేలును పొద కింద పడుకోబెట్టి దూరంగా పోయి కూర్చుంది. దావీదు సౌలు కొలువుకు వెళ్లినప్పుడు తండ్రి యెష్షయి ఒక ద్రాక్షారసపు తిత్తి ఇచ్చి పంపాడు. అబీగయీలు దావీదు కోపం చల్లార్చడానికి తెచ్చిన వాటిలో రెండు తిత్తులున్నాయి. కుండ పగులుతుంది, తిత్తి పగలదు. గాడిద మీద కట్టుకు పోయేవాడికి అదే కావాలి. సీసెరా నీళ్లడిగితే యాయేలు పాల తిత్తి విప్పింది. అరబ్బు గుడారాల్లో ఈమధ్యదాకా స్త్రీలు తోలు తిత్తిని మూడు కర్రల ముక్కాలికి వేలాడదీసి ఊపి మజ్జిగ చిలికేవారు. దెబోరా గీతంలో యాయేలు పెరుగు ఇచ్చిందని ఉంటుంది, కథనంలో పాలు ఇచ్చిందని ఉంటుంది. ఒకే తిత్తిలో రెండూ ఉండే ఇంట్లో ఇది పెద్ద తేడా కాదు. పండితులు దీన్ని పట్టుకుని అవసరానికి మించి తగువులాడారు.

119వ కీర్తన రాసినవాడు తనను పొగలో వేలాడే తిత్తితో పోల్చుకుంటాడు. గుడారంలో వాడని తిత్తిని పైన తగిలిస్తే పొయ్యి పొగకు నల్లబడి, ముడుచుకుపోయి, పెళుసెక్కుతుంది. మరచిపోయిన వస్తువు అది. యోబు గ్రంథంలో యువకుడు ఎలీహు పెద్దల మాటలు విని విని ఇక ఆగలేక, తన కడుపు గాలి తీయని ద్రాక్షారసపు తిత్తిలా పగిలిపోయేలా ఉందంటాడు.

ఇక్కడి నుంచే ఉపమానంలోకి అడుగు. తొక్కిన ద్రాక్షరసం మొదటి కొన్ని రోజులు తొట్టిలో బుసబుస పొంగుతుంది. ఆ ఉధృతి తగ్గాక తిత్తుల్లోకో జాడీల్లోకో దించుతారు. అక్కడ నెమ్మదిగా పులియడం సాగుతూనే ఉంటుంది, బొగ్గుపులుసు వాయువు పుడుతూనే ఉంటుంది. కొత్త తోలు దానికి తగ్గట్టు సాగుతుంది. ఒకసారి సాగి ఎండిన తోలు రెండోసారి సాగదు, కుట్టు దగ్గర పిగులుతుంది. మన వేదికల మీద దీన్ని పాత ధర్మం పోయింది, కొత్త ధర్మం వచ్చింది అన్న ఒక్క వాక్యానికి కుదించేస్తుంటారు. మత్తయి సువార్త ఆ మాటతో ఆగదు. కొత్త రసం కొత్త తిత్తిలో పోస్తే రెండూ చెడకుండా ఉంటాయని అంటుంది. లూకా అయితే పాత ద్రాక్షారసం తాగినవాడు కొత్తది కోరడని కూడా చేర్చాడు. వినేవాళ్లలో ఇంట్లో తిత్తులున్న రైతులున్నారు. తిత్తి పోతే ఒక మేక పోయినట్టు. తిత్తి కూడా నష్టపోకూడదన్న చింత ఆ ఉపమానంలో ఉందని నా అభిప్రాయం. పాతదాన్ని పారెయ్యమని చెప్పే కథగా దాన్ని చదివినవాళ్లు ఎన్నడూ తిత్తి కొని ఉండరు.

తోలు చేసే మిగతా పనులు చాలా ఉన్నాయి, వాటిని చకచకా దాటేయవచ్చు. యిర్మీయా చెప్పిన కమ్మరి కొలిమితిత్తి, యెషయా నూనె రాయమన్న డాళ్లు, సౌలు చనిపోయాక నూనె అంటకుండా పడివున్న డాలు, నడికట్లు, సంచులు. చుట్టుపక్కల రాజ్యాల్లో తిత్తి పడవ కూడా. నిమ్రూదులోని అష్షూరు శిల్పాల్లో సైనికులు గాలి నింపిన తోళ్లను పొట్ట కింద పెట్టుకుని నది ఈదుతుంటారు. వర్తకులు తోలు పడవల్లో బబులోనుకు సరుకు దించి, చట్రం అక్కడే అమ్మేసి, తోళ్లను గాడిదల మీద వేసుకుని తిరిగి వెళ్లేవారని గ్రీకు చరిత్రకారుడు హెరొడోటస్ రాశాడు. అంటే పడవలో దాచుకోదగ్గ విలువ తోలుకే ఉందన్నమాట.

బట్టల దగ్గర మాత్రం ఒక వింత. బైబిల్ కాలపు మామూలు మనిషి కట్టుకున్నది ఉన్ని, నార. తోలు కట్టుకున్నవాళ్లు కొద్దిమందే, వాళ్లందరూ ఏదో ఒక విధంగా ఊరికి బయటివాళ్లు. అహజ్యా రాజు మనుషులకు దారిలో ఎదురైన వ్యక్తి పేరు వాళ్లకు తెలియదు. రోమాలు, నడుముకు తోలుదట్టి అని వర్ణించగానే రాజు అతను తిష్బీయుడైన ఏలీయాయేనని పోల్చేశాడు. బాప్తిస్మమిచ్చు యోహాను ఒంటె రోమాల వస్త్రంతో, తోలుదట్టితో యొర్దాను దగ్గర నిలబడితే జనానికి వివరణ అక్కర్లేకపోయింది. ఈ వేషానికి ఎంత గిరాకీ ఉండేదో జెకర్యా చెబుతాడు. మోసం చేయడానికి గొంగళి కప్పుకునే ప్రవక్తలుండేవారట. గొర్రెతోళ్లు మేకతోళ్లు వేసుకుని అడవుల్లో తిరిగిన విశ్వాసులను హెబ్రీయులకు రాసిన పత్రిక తలచుకుంటుంది. రాజభవనంలో సన్నని నార, ఎడారిలో తోలు. ఎవరు ఎటువైపో చూసేవాడికి ఒంటిమీది బట్టే చెప్పేది.

రిబ్కా ఈ సంగతి తెలిసే పథకం వేసింది. రెండు మేకపిల్లలు తెప్పించింది. మాంసం ఇస్సాకు కంచంలోకి, తోళ్లు యాకోబు చేతుల మీదికి, మెడ నున్నటి భాగం మీదికి. ముసలివాడి నాలుకను, చేతిని ఒకే జంతువు మోసగించింది. స్వరం యాకోబుది అని చెవి గట్టిగానే చెప్పింది. కానీ ఇస్సాకు చెవిని కాదని తోలును నమ్మాడు. ఈ కుటుంబంలో మేక బాకీ తీరకుండా ఉండదు. కొన్నేళ్లకు యాకోబు కొడుకులే ఒక మేకపిల్లను కోసి, దాని రక్తంలో యోసేపు అంగీ ముంచి తండ్రి ముందు పెట్టారు. ఈసారి నమ్మే వంతు యాకోబుది.

ఇక ఏదెను. ఆదికాండము మూడో అధ్యాయంలో దేవుడు ఆదాముకు, అతని భార్యకు తోలు చొక్కాయిలు చేసి తొడిగించాడన్న ఒక్క వాక్యం మీద రెండు వేల ఏళ్ల వ్యాఖ్యానం పేరుకుంది. తెలుగు సంఘాల్లో ఎక్కువగా వినిపించేది ఇది: తోలు వచ్చిందంటే జంతువు చచ్చింది, రక్తం చిందింది, అదే మొదటి బలి, సిలువకు ముంగుర్తు. ప్రసంగానికి ఇది చక్కగా అమరుతుంది. వాక్యంలో మాత్రం జంతువు లేదు, బలిపీఠం లేదు, రక్తమన్న మాటే లేదు. ఆదికాండములో బలి మొదట కనిపించేది కయీను హేబెలు అర్పణల దగ్గరే. యూదు సంప్రదాయంలో ఒక పాత వివరణ జంతువును చంపాల్సిన అవసరమే లేకుండా చేసింది. పాము విడిచిన కుబుసంతో ఆ బట్టలు కుట్టారట. నీసాకు చెందిన గ్రెగొరీ వంటి గ్రీకు తండ్రులు ఆ చర్మాన్ని మనిషికి అంటుకున్న జంతు స్వభావంగా చదివారు. పుట్టడం, ఎదగడం, ముసలితనం, రోగం, చావు, ఇవన్నీ ఆ తోలులో భాగమన్నారు.

ఓరిగెన్ పేరిట నిలిచిన వ్యాఖ్య ఒకటి ఇంకా ముందుకు పోయింది. దేవుడు చచ్చిన జంతువుల తోళ్లు తీసుకుని చర్మకారుడిలా కుట్టాడనుకోవడం దేవుడికి తగని మాట, ముసలమ్మల కబుర్లు అని అది కొట్టిపారేస్తుంది. నాకు ఇందులో వేదాంతం కన్నా అలెగ్జాండ్రియా పండితుడి చిన్నచూపే ఎక్కువ కనిపిస్తుంది. వాక్యాన్ని ఉన్నదున్నట్టు చదివితే అందులో తోలు పని చేసే దేవుడున్నాడు, దానికి ఆ గ్రంథకర్త ఏమాత్రం సిగ్గుపడలేదు. అంజూరపు ఆకులు సాయంత్రానికి వాడిపోతాయి, ముళ్లపొదల నేలను దున్నబోయే మనిషికి పనికిరావు. తోలు నిలుస్తుంది. తోట బయట ఎలాంటి బతుకు ఉందో తెలిసినవాడు ఇచ్చిన బట్ట అది. పండితుల్లో కొందరు ఇక్కడ శిక్షను, కొందరు దయను చూస్తారు. బహిష్కరించి పంపుతూనే దారికి సరిపడా బట్ట కుట్టివ్వడంలో రెండూ ఉన్నాయి, ఒకదాన్ని తుడిచేయనక్కర్లేదు.

చెప్పుల మీద ఒక మాట. మండే పొద దగ్గర మోషే చెప్పులు విడవడానికి కారణం చచ్చిన జంతువు తోలు అపవిత్రమని చెప్పేవాళ్లున్నారు. ఇది ఆకర్షణీయమైన వివరణ, కానీ నిలబడదు. దేవాలయపు కొండ మీదికి చేతికర్రతో, చెప్పులతో, డబ్బు సంచితో, కాళ్ల దుమ్ముతో వెళ్లకూడదని మిష్నా ఒకే వరసలో చెబుతుంది. కర్రకు, దుమ్ముకు తోలుతో పనిలేదు కదా. అక్కడ అడ్డు చెబుతున్నది దారికి, ప్రయాణానికి, బేరానికి. రూతు గ్రంథంలో పొలం హక్కు వదులుకున్నవాడు చెప్పు తీసి ఇస్తాడు. ఆమోసు కాలంలో బీదవాడిని చెప్పుల జోడుకు అమ్మేస్తారు. చెప్పు నేల మీద హక్కుకు గుర్తు. పరిశుద్ధ స్థలంలో ఎవరికీ ఆ హక్కు లేదు.

యెరూషలేము దేవాలయంలో తోలు అంటే డబ్బు. దహనబలిలో మాంసమంతా కాలిపోతుంది, తోలు మాత్రం అర్పించిన యాజకుడిదని లేవీయకాండము ఏడో అధ్యాయం తేల్చింది. ఇది చిన్న సంగతిగా అనిపిస్తుంది గాని, ఆ తోళ్లు లెక్కలేనన్ని అని, యాజకులకు వచ్చే ఆదాయాల్లో అది చాలా పెద్దదని అలెగ్జాండ్రియాకు చెందిన ఫైలో మొదటి శతాబ్దంలో రాశాడు. డబ్బున్నచోట తగువు లేకుండా ఉంటుందా? తల్మూద్‌లో ఒక పాత జ్ఞాపకం ఉంది. తోళ్లను దేవాలయంలోని ఒక గదిలో పోగుచేసి, ఆ వారం వంతు వచ్చిన యాజకులు సాయంత్రం పంచుకునేవారు. బలవంతులు ముందే వచ్చి గుంజుకుపోవడం మొదలైంది. పంపకాన్ని వారానికోసారికి మార్చి, అందరూ చూస్తుండగా పంచుదామన్నారు. పెద్ద యాజకులు అప్పుడూ వదల్లేదు. చివరికి తోళ్లను దేవుడికే రాసిచ్చేస్తే, కొద్దికాలంలోనే ఆ సొమ్ముతో దేవాలయానికి బంగారు రేకులు తాపడం చేశారట. కథలో కొంత అతిశయం ఉండవచ్చు. ఎవరు ఎవరిని ఎందుకు తిట్టుకున్నారన్నది మాత్రం నమ్మదగిందే.

పండుగకు వచ్చిన యాత్రికుల తోళ్ల మీద కూడా కళ్లుండేవి. యెరూషలేములో ఇళ్లు అద్దెకివ్వకూడదన్న నియమం వల్ల ఇంటివాళ్లు బస ఉచితంగా ఇచ్చేవారు, బదులుగా బలి జంతువుల తోళ్లు లాగేసుకునేవారని తల్మూద్ చెబుతుంది. అక్కడే ఒక రబ్బీ దీని నుంచి మర్యాద నేర్పుతాడు: అతిథి వెళ్లేటప్పుడు తోలూ కూజా ఇంటివారికి వదిలివెళ్లడం పద్ధతి.

పాపపరిహారార్థ బలిలో లెక్క తిరగబడుతుంది. యాజకుడి పాపం కోసమో సమాజమంతటి పాపం కోసమో ఇచ్చిన కోడెకు, ప్రాయశ్చిత్త దినపు జంతువులకు, ఎర్ర పెయ్యకు తోలుతో సహా దహనమే. పాళెం బయటికి తీసుకుపోయి కాల్చేయాలి. యాజకుడు తన తప్పుకు ఇచ్చిన బలి నుంచి తనే లాభం పొందకూడదన్న జాగ్రత్త ఇందులో ఉంది. హెబ్రీయులకు రాసిన పత్రిక యేసు గుమ్మం బయట శ్రమపడ్డాడనడానికి పునాదిగా తీసుకున్నది ఈ దహనాన్నే.

లేవీయకాండము పదమూడో అధ్యాయంలో యాజకుడు తోలు వైద్యుడి పని కూడా చేస్తాడు. తోలు వస్తువు మీద పచ్చగానో ఎర్రగానో మచ్చ వస్తే అతని దగ్గరికి తెస్తారు. ఏడు రోజులు విడిగా పెడతాడు. మచ్చ పాకితే కాల్చేస్తాడు. పాకకపోతే ఉతికించి, మళ్లీ ఏడు రోజులు ఆగి చూస్తాడు. రంగు తగ్గితే ఆ ముక్క మట్టుకు చించేస్తాడు, మళ్లీ కనిపిస్తే మొత్తం నిప్పులోకే. వానాకాలంలో బీరువాలోని తోలు సంచికి బూజు పట్టడం చూసినవాళ్లకు ఇదంతా వింతగా ఉండదు. ఒక ఇంటి ఆస్తిని ఊరికే తగలబెట్టకుండా రెండు వారాలు గడువివ్వడం ఇందులో గమనించాల్సిన సంగతి.

రెండో దేవాలయ కాలం వచ్చేసరికి తోలు పుట్టుక మీద పట్టింపు ముదిరింది. క్రీ.పూ. 200 ప్రాంతంలో రాజు మూడో అంతియొకు యెరూషలేము విషయంలో జారీచేసిన ఆజ్ఞను యూదు చరిత్రకారుడు జోసీఫస్ నమోదు చేశాడు. గుర్రం, కంచరగాడిద, గాడిద, చిరుతపులి, నక్క, కుందేలు, వీటి మాంసమే కాదు తోళ్లు కూడా పట్టణంలోకి తేకూడదు. తెస్తే యాజకులకు 3,000 ద్రాక్మాల జరిమానా. యూదయ ఎడారిలోని కుమ్రాను గుహల్లో దొరికిన ఆలయ గ్రంథపు చుట్ట ఇంకా బిగించింది. బయటి ఊళ్లలో కోసింది శుద్ధ జంతువే అయినా దాని తోలు తిత్తిలో నూనె గాని, ద్రాక్షారసం గాని పరిశుద్ధ పట్టణంలోకి రాకూడదు. దేవాలయంలో బలి అయిన జంతువు తోలే కావాలి. మాంసం ఎంత శుద్ధమో తోలు అంతే శుద్ధం అన్నది వాళ్ల సూత్రం. ఈ నియమం నిజంగా అమలైతే పట్టణంలో తిత్తుల వ్యాపారమంతా యాజకుల గుప్పిట్లోకి వెళ్లేది. పవిత్రత, వ్యాపారం ఇక్కడ ఒకదాన్నొకటి ఎంత ఒరుసుకున్నాయో పరిశోధకులు ఇంకాస్త పట్టించుకోవాల్సింది.

వెనక్కి మోషే కాలానికి వెళ్తే, ప్రత్యక్ష గుడారం మీద కప్పులు నాలుగు: నార తెరలు, మేకవెంట్రుకల గుడ్డ, ఎర్రరంగు వేసిన పొట్టేళ్ల తోళ్లు, అన్నిటికన్నా పైన తహష్ తోళ్లు. తెలుగు బైబిల్ చదివేవారికి ఇవి సముద్రవత్సల తోళ్లుగా తెలుసు. ఆ తహష్ ఏమిటన్నదే ఈ రంగంలో ఎడతెగని వాదం. పాత గ్రీకు అనువాదకులు దాన్ని జంతువుగా కాక నీలవర్ణపు తోలుగా తీసుకున్నారు. తల్మూద్ దాన్ని మోషే కాలంలో మాత్రమే కనిపించి మాయమైన ఒంటికొమ్ము జంతువు అంది. ఎర్ర సముద్రంలో ఉండే డ్యుగాంగ్ అని కొందరు ఆధునికులు అన్నారు. పొలుసుల్లేని నీటి జంతువును అపవిత్రమన్న గ్రంథమే దాని తోలును దేవుని నివాసం మీద పరిచిందంటే మింగుడుపడదు. 2000లో ఆక్స్‌ఫర్డ్ పండితురాలు స్టెఫనీ డాలీ అక్కదు భాషా పత్రాల ఆధారంగా ఇది జంతువు పేరు కాదని, నీలి ఆకుపచ్చ పూసలు కుట్టి అలంకరించిన తోలు పనితనమని వాదించారు. యెహెజ్కేలు గ్రంథంలో యెరూషలేము అనే వధువుకు దేవుడు తొడిగిన చెప్పులు ఈ తోలువేనన్నది గుర్తుంచుకుంటే, మోటు కప్పు కన్నా ఖరీదైన పనితనం వైపే నేనూ మొగ్గుతాను. ప్రయాణంలో పాత్రలన్నిటికీ పైన కప్పేది ఈ తోలే. మందసానికి మాత్రం దాని మీద మళ్లీ నీలిబట్ట వేయాలని సంఖ్యాకాండము చెబుతుంది. ఎడారిలో నడిచే బారులో ఏ మోత మందసమో దూరం నుంచే తెలిసిపోతుంది.

ఇంత తోలు ఎవరో ఊనాలి. ఊనేవాడి బతుకు గురించి మిష్నా మొహమాటం లేకుండా మాట్లాడుతుంది. తోలు ఊనే చోటు ఊరికి యాభై మూరల దూరంలో, తూర్పు వైపునే ఉండాలి. భర్త ఆ వృత్తిలో ఉంటే భార్య విడాకులు అడగవచ్చు, పెళ్లికి ముందు తెలిసి ఒప్పుకున్నా సరే. సీదోనులో ఒకామె భర్త చనిపోతే, అతని తమ్ముడు కూడా అదే పనివాడు, మరిది ధర్మం ప్రకారం ఆమెను పెళ్లాడాలి. మీ అన్నను భరించాను గాని నిన్ను భరించలేను అనే హక్కు ఆమెకుందని పెద్దలు తీర్పిచ్చారు. కుక్క పెంటలు పోగుచేసి వాడే పని అది, కంపు ఎలా ఉంటుందో చెప్పనక్కర్లేదు.

ఇక్కడే అపొస్తలుల కార్యములు. పేతురు యొప్పేలో సముద్రం పక్కన చర్మకారుడైన సీమోను ఇంట చాలా రోజులున్నాడు. ఆ ఇంటి మిద్దె మీదే సకల జంతువులున్న దుప్పటి దర్శనం చూశాడు. అపవిత్రుడైన సీమోను ఇంట దిగడమే అన్యజనుల వైపు పేతురు తొలి అడుగని వ్యాఖ్యాతలు తరచూ రాస్తారు. 2013లో పండితుడు ఐజక్ ఆలివర్ దీన్ని సరిగ్గానే ప్రశ్నించాడు. రబ్బీల గ్రంథాలు చర్మకారుడి కంపును ఎత్తిచూపుతాయి గాని అతన్ని మతపరంగా అంటరానివాడిగా చూడవు. రెండో శతాబ్దపు గొప్ప రబ్బీ యోసే బెన్ హలఫ్తాయే తోలు పనివాడు. తోళ్లు పరవమని, వాటి మీద కూర్చుందామని ఆయన అనేవాడని కొడుకు చెప్పుకున్నాడు. యూదయలో ఆ వృత్తి ముక్కుకు అసహ్యం, పుట్టుకకు మచ్చ కాదు.

మన దగ్గర కథ వేరు. తంగేడు చెక్క, కరక్కాయ, లంద తెలిసిన మాదిగలను ఈ సమాజం పుట్టుకతోనే ఊరి బయట పెట్టింది. తోలు వ్యాపారం చేసే యర్రగుంట్ల పేరయ్య 1866లో బాప్తిస్మం పొందాక, ఒంగోలు ప్రాంతపు మాదిగపల్లెల్లో అమెరికన్ మిషనరీ జాన్ క్లవ్ బాప్టిస్టు మిషన్ వేళ్లూనింది. 1878 జూలై 3న వెలంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. క్లవ్ భార్య ఎమ్మా 1899లో వాళ్ల గురించి రాసిన పుస్తకానికి చెప్పులు కుట్టడాన్నే పేరుగా పెట్టింది. వ్యాఖ్యాతలు సీమోను మీద మోపిన అంటరానితనం యొప్పేలో లేకపోవచ్చు. గుండ్లకమ్మ ఒడ్డున మాత్రం ఉంది. చర్మకారుడి ఇంట అపొస్తలుడు బస చేశాడన్న మాటను ఆ ఒడ్డున విన్నవాళ్లకు, దాని అర్థం చెప్పడానికి వ్యాఖ్యాత అక్కర్లేదు.

చివరిగా రాత. యెహోయాకీము రాజు చలికాలపు గదిలో యిర్మీయా గ్రంథపు చుట్టను కత్తితో కోస్తూ కుంపట్లో వేశాడు. అది తోలైతే ఆ కంపుకు గదిలో కూర్చోలేకపోయేవాడు, పపైరసే అయి ఉంటుందని చాలామంది ఊహ. తర్వాతి కాలంలో ధర్మశాస్త్రానికి తోలే ఆనవాయితీ. 1947 నుంచి కుమ్రాను గుహల్లో బయటపడ్డ 900కు పైబడిన రాతప్రతుల్లో ఎక్కువభాగం తోలువే. పెద్ద యెషయా చుట్ట 17 తోలు ముక్కలు కుట్టి కలిపిన 7.34 మీటర్ల పొడవు గ్రంథం. ఆ తోళ్లు అక్కడే ఊనారనుకుని, పక్కనున్న ఐన్ ఫెష్ఖా తొట్లను తవ్వకాల నాయకుడు రోలాన్ దె వో చర్మశాలగా గుర్తించాడు. ఆ తొట్లలోని మడ్డిని పరీక్షిస్తే టానిన్ జాడ దొరకలేదు. చేపల తొట్లేమోనన్నవారూ ఉన్నారు. నహల్ హెవెర్ గుహలో 1960లో పురావస్తు శాస్త్రవేత్త యిగాయెల్ యాదీన్ బృందానికి దొరికిన నీళ్ల తిత్తి మరో రకం సాక్షి. రోము మీద బార్ కొఖ్బా నడిపిన తిరుగుబాటులో పారిపోయి వచ్చిన ఎవరో స్త్రీ అందులో ఉన్ని ఉండలు, పూసలు దాచుకుంది. తిరుగుబాటు నాయకుడి ఉత్తరాల కట్ట కూడా ఆ తిత్తిలోనే ఉంది.

2020లో సెల్ పత్రికలో టెల్ అవీవ్ పరిశోధకులు కుమ్రాను రాతప్రతుల తోళ్లలోని డీఎన్‌ఏ ఫలితాలు ప్రచురించారు. పరీక్షించిన ముక్కల్లో దాదాపు అన్నీ గొర్రెతోళ్లే. యిర్మీయా గ్రంథపు రెండు ముక్కలు మాత్రం ఆవుతోలు. వాటిలో ఒకదాన్ని అంతకుముందు మరో ముక్కతో కలిపి ఒకే చుట్టగా లెక్కగట్టారు. ఆ రెండో ముక్క గొర్రెతోలని తేలడంతో ఆ లెక్క తప్పింది. గడ్డి, నీళ్లు లేని ఆ ఎడారిలో ఆవులను మేపలేరు కాబట్టి ఆ ప్రతులు బయటి నుంచే వచ్చి ఉండాలి. గ్రీకు అనువాదంలోని యిర్మీయా హెబ్రీ సంప్రదాయ పాఠం కన్నా సుమారు ఎనిమిదో వంతు పొట్టిది. కుమ్రానులో పొట్టి పాఠానికి దగ్గరి ప్రతీ, పొడుగు పాఠానికి దగ్గరి ప్రతీ రెండూ దొరికాయి. వేర్వేరు చోట్ల ఊనిన తోళ్ల మీద రాసిన వేర్వేరు ప్రతులు ఒకే గుహలో పక్కపక్కన చేరాయంటే, ఒకే ప్రవక్త మాటలు ఒకటికి మించిన రూపాల్లో తిరుగుతున్నాయని ఆ చదువరులకు తెలిసే ఉండాలి. ఒకదాన్ని ఉంచి రెండోదాన్ని పారేయాలని వాళ్లు అనుకున్నట్టు ఆ గుహలో గుర్తులేమీ లేవు.